ఇంటి జబ్బు పేరు ఇంట్లోవాళ్లకైనా చెప్పండి



మన ఆసుపత్రిలో కొత్త ఓపీ కార్డు రాసేటప్పుడు మా సిస్టర్లు ఒక ప్రశ్న అడుగుతారు. "మీ అమ్మానాన్నలకు గానీ, తోడబుట్టినవాళ్లకు గానీ షుగరు, బీపీ, టీబీ, క్యాన్సర్ ఏమైనా ఉన్నాయా?" షుగరు, బీపీ సంగతి వెంటనే చెబుతారు. కొందరు కాస్త గొప్పగానే చెబుతారు, మా నాన్నకి నాలుగు వందలుండేదండీ అని. టీబీ అనేసరికి గొంతు తగ్గుతుంది. క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి "అబ్బే, అలాంటివేం లేవండి" అంటారు. పక్కన కూర్చున్న తోడికోడలు కిటికీ వైపు చూస్తుంది. సిస్టరు "లేదు" అని రాసుకుంటుంది. ఇంకేం రాస్తుంది?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడూ అంతే. "ఫలానా అన్నకు కడుపులో బాగోలేదు, విశాఖలో చూపిస్తున్నారు" అని వస్తుంది. ఏం జబ్బో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఏడాది తిరిగేసరికి భూస్థాపన కూటం జరుగుతుంది. ఆ మనిషి సొంత కొడుకులకు కూడా "నాన్న పేగులో పుండుతో పోయారు" అన్నంత వరకే తెలుసు. అది పెద్దపేగు క్యాన్సర్ అనీ, ఆయనకు అది నలభై ఆరో ఏట వచ్చిందనీ రాసి ఉన్న కాగితం బీరువాలో బట్టల కింద ఉండిపోతుంది.

ఈ పద్ధతి మారాలని మేము గట్టిగా అనుకుంటున్నాము. ఊరంతటికీ చెప్పమని మేము అనడం లేదు. గుడిలో మైకులో చదివించమనీ అనడం లేదు. ఒకరి జబ్బు గురించి బయటివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఆ రోగి ఇష్టం, దాన్ని కాపాడడం నర్సులుగా మా విధి కూడా. మేము అడిగేది తోడబుట్టినవాళ్లకూ, కన్నపిల్లలకూ చెప్పమని మాత్రమే. జబ్బు పేరు చెప్పాలి, అది ఏ వయసులో బయటపడిందో చెప్పాలి. ఈ క్యాన్సర్ విషయంలో వాళ్లు ముందుగా చేయించుకోగల పని ఒకటుంది కాబట్టి.

ఆ పని కొలనోస్కోపీ. పేరు వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. అదేమిటో ముందు చెబుతాము.

పెద్దపేగు సుమారు అయిదు అడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొర మన బుగ్గ లోపలి వైపులాగా నున్నగా, తడిగా ఉంటుంది. వయసు పైబడేకొద్దీ కొందరికి ఆ పొర మీద చిన్న కండలు మొలుస్తాయి. వాటిని పాలిప్ అంటారు. కొన్ని పుట్టగొడుగులా కాడ మీద నిలబడతాయి, కొన్ని చదునుగా పరుచుకుంటాయి. నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, మనిషికి ఏమీ తెలియదు. వీటిలో ఎక్కువ భాగం ఏ హానీ చేయకుండా అలాగే ఉండిపోతాయి. అడినోమా అనే రకంలో కొన్ని మాత్రం మెల్లగా పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. మామూలుగా అందుకు పదేళ్ల దాకా పడుతుంది. ఆ పదేళ్లే మనకు దొరికే సమయం.

కొలనోస్కోపీ గొట్టం మన వేలంత లావుంటుంది. చివర లైటు, కెమెరా ఉంటాయి. మలద్వారం గుండా లోపలికి పంపి పెద్దపేగు అంతా చూస్తారు. పాలిప్ కనిపిస్తే అదే గొట్టంలోంచి సన్నటి తీగ ఉచ్చు పంపి, దాని మొదలుకు బిగించి, కోసి తీసేస్తారు. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. కాబట్టి చూసిన రోజే చాలావరకు పని అయిపోతుంది. ఈ విధంగా పాలిప్‌లు తీయడం 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు సర్జన్లు మొదలుపెట్టారు. అంతకు ముందు పెద్దపేగు పైభాగంలోని పాలిప్ తీయాలంటే పొట్ట కోయవలసి వచ్చేది. ఇప్పుడు ఇది మనకు దూరపు విద్య కాదు. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రో ఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఎండోస్కోపీ విద్యలో ఆయన దగ్గర నేర్చుకోవడానికి విదేశాల నుంచి డాక్టర్లు వస్తారు. మన విశాఖలోనే కేజీహెచ్‌లో గ్యాస్ట్రో ఎంటరాలజీ విభాగం ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

మరి అందరూ చేయించుకోవాలా? ఈ ప్రశ్న ఈమధ్య ఎక్కువగా వస్తోంది. అమెరికాలో ఉన్న కొడుకులూ కోడళ్లూ ఫోను చేసి "అమ్మా, నీకు యాభై దాటాయి, కొలనోస్కోపీ చేయించుకున్నావా?" అని అడుగుతున్నారట. అక్కడ అది మామూలు విషయం. 2000 సంవత్సరంలో కేటీ కూరిక్ అనే టీవీ వార్తల ఆవిడ తన కొలనోస్కోపీని టీవీలోనే చూపించింది. ఆమె భర్త 1998లో 42 ఏళ్లకే ఈ జబ్బుతో చనిపోయాడు. ఆ కార్యక్రమం చూశాక పరీక్షకు వచ్చేవారి సంఖ్య అక్కడ బాగా పెరిగింది. 2021 నుంచి అక్కడి నిపుణుల సంఘం 45 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ ఏదో ఒక పద్ధతిలో పరీక్ష చేయించుకోమంటోంది.

మన దేశం సంగతి వేరు. ఈ క్యాన్సర్ అక్కడివారితో పోలిస్తే మనవాళ్లలో చాలా తక్కువ. అలాగని లెక్కలోకి రానిదీ కాదు. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 70 వేల మందికి కొత్తగా వచ్చింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు 30 ఏళ్లు దాటినవారికి చేసే ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షలు 2016లో రాసిన పద్ధతి ప్రకారం మూడింటికే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు అందులో లేదు. దాన్ని మేము తప్పు పట్టము. ఆ మూడూ మన దగ్గర ఎక్కువ, పరీక్ష ఖర్చు తక్కువ. ముందు అవి పూర్తిగా జరిగితే అదే పదివేలు.

అందరినీ కొలనోస్కోపీకి పిలిస్తే ఎంత లాభమో చూద్దామని పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో పెద్ద పరిశోధన చేశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. పరీక్షకు రమ్మని పిలుపు అందుకున్న వర్గంలో పదేళ్లలో ఈ క్యాన్సర్ నూటికి 18 వంతులు తగ్గింది. మరణాలలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే పిలిచినవాళ్లలో నూటికి 42 మందే వచ్చి చేయించుకున్నారు. రానివాళ్లను కూడా కలిపి వేసిన లెక్క ఇది, ఆ సంగతి మరిచిపోకూడదు. అంత సంపన్న దేశాల్లోనే ఇలా ఉంటే, కొత్తవలస, ఎల్.కోట, వేపాడ మండలాల్లో 45 దాటిన ప్రతి మనిషినీ విశాఖ తీసుకెళ్లి గొట్టం వేయించాలని ఎవరైనా క్యాంపు పెడతామంటే మేము వద్దనే అంటాము. ఉన్న డాక్టర్లు, ఉన్న యంత్రాలు అవసరమైనవాళ్లకే చాలడం లేదు.

ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేక, ఒంట్లో ఏ బాధా లేక, 50కి దగ్గరవుతున్నవారికి మేము చెప్పేది మలపరీక్ష. కంటికి కనిపించనంత తక్కువ రక్తం మలంలో ఉన్నా ఇది పట్టుకుంటుంది. ఏడాదికొకసారి చేయించుకోవాలి. పాత పద్ధతి పరీక్షయితే ముందు మూడు రోజులు మాంసం మానాలి. కొత్త పద్ధతికి ఆ పత్యం అక్కరలేదు. రక్తం ఉందని వస్తే మాత్రం ఇంకోసారి మలపరీక్ష చేసి చూద్దామని కూర్చోకూడదు, అప్పుడు కొలనోస్కోపీకి వెళ్లవలసిందే. ఒకసారి రక్తం కనిపించి, రెండోసారి కనిపించకపోతే బాగైపోయిందని అర్థం కాదు.

ఇంట్లో ఈ జబ్బు ఉన్నవారి సంగతి వేరే. వారికోసమే ఇంత రాస్తున్నాము.

1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆల్డ్రెడ్ వార్థిన్ అనే డాక్టరుతో ఒక కుట్టుపని చేసుకునే ఆవిడ తన దిగులు చెప్పుకుంది. తమ ఇంట్లో అందరూ పేగుల క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారనీ, తానూ అలాగే చిన్న వయసులో పోతాననీ అంది. అప్పుడామెకు జబ్బేమీ లేదు. ఇంకో డాక్టరైతే ధైర్యం చెప్పి పంపేసేవాడేమో. ఆయన ఆమె చెప్పిన పేర్లన్నీ రాసుకుని, ఆ కుటుంబం వివరాలు ఏళ్ల తరబడి సేకరించి 1913లో ప్రచురించాడు. ఆమె అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో చనిపోయింది. తర్వాత హెన్రీ లించ్ అనే డాక్టరు 1960వ దశకం నుంచి ఇలాంటి కుటుంబాలను వెతికి, ఇది తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ పిల్లలకు వచ్చే లోపమని చూపించాడు. ఇప్పుడు దాన్ని లించ్ సిండ్రోమ్ అంటున్నారు. వైద్య శాస్త్రంలో ఇంత పెద్ద సంగతి బయటపడడానికి మూలం, చదువుకున్నదో లేదో తెలియని ఒక కుట్టుపని ఆవిడ తన ఇంటి జబ్బును దాచకుండా చెప్పడం.

ఆ తర్వాత ఫిన్లాండులో ఇలాంటి కుటుంబాలవారిని 15 ఏళ్లు గమనించారు. మూడేళ్లకోసారి పెద్దపేగు పరీక్ష చేయించుకున్నవారు 133 మంది, ఒప్పుకోనివారు 119 మంది. చేయించుకున్నవారిలో 8 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, చేయించుకోనివారిలో 19 మందికి. మొదటి వర్గంలో ఈ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు, రెండో వర్గంలో 9 మంది చనిపోయారు. 2000లో ప్రచురించిన లెక్క ఇది. పైన చెప్పిన నూటికి 18 పక్కన దీన్ని పెట్టి చూడండి. దారిన పోయే అందరినీ పిలిస్తే కొంత లాభం. ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లు వస్తే ఎంతో ఎక్కువ లాభం. కానీ ఇంట్లో జబ్బు ఉందని వాళ్లకు తెలియాలి కదా!

ఇక్కడ భయపడవలసిన పని లేదు. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన వందమందిలో ముగ్గురు నలుగురికి మాత్రమే ఈ లించ్ లోపం ఉంటుంది. మామూలుగా ఒక తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వస్తే మిగతావారికి వచ్చే అవకాశం ఇతరుల కంటే సుమారు రెండింతలు ఉంటుంది, అంతే. అలాంటివారు 40వ ఏట కొలనోస్కోపీ చేయించుకోవాలి. లేదా ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసులోంచి పదేళ్లు తీసేయండి. రెండింటిలో ఏది ముందైతే అప్పుడు. నాన్నకు 65వ ఏట వచ్చిందనుకోండి, పిల్లలకు 40లో. నాన్నకు 46లో వచ్చిందనుకోండి, పిల్లలకు 36లోనే. అందుకే వయసు చెప్పడం అంత ముఖ్యం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు వచ్చి ఉంటే, అందులో ఒకరికైనా 50 లోపు వచ్చి ఉంటే, ఇంకా చిన్న వయసులోనే, 20, 25 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టవలసి రావచ్చు. పేగు నిండా వందల కొద్దీ పాలిప్‌లు పుట్టే ఇంకొక అరుదైన కుటుంబ జబ్బు ఉంది, దానిలో పదేళ్ల పిల్లలకే చూడాలి. అవి క్యాన్సర్ డాక్టరు కూర్చోబెట్టి చెప్పవలసిన సంగతులు.

"ఇది మేనరికం వల్ల వచ్చిందా సిస్టర్?" అని అడుగుతారు. కాదు. మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. లించ్ లోపానికి తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వస్తే చాలు, ప్రతి బిడ్డకూ రావడానికి రాకపోవడానికి సగం సగం అవకాశం. మరికొందరు ఇది తరతరాల శాపమని ఎక్కడో ఉజ్జీవ కూటంలో విని వచ్చి ఏడుస్తారు. జబ్బుతో మంచం మీదున్న మనిషికి ఆ మాట అనడం ఎంత క్రూరమో అనేవాళ్లు ఆలోచించుకోవాలి. షుగరు తండ్రి నుంచి కొడుక్కి వస్తే శాపం అనము కదా.

దాచడానికి అసలు కారణం పెళ్లి సంబంధాలని మాకు తెలుసు. పిల్లకు సంబంధం కుదిరే దాకా ఆగుదామని అంటారు. ఆ భయాన్ని తేలికగా తీసిపారేయము. మేమూ ఆడపిల్లలు ఉన్న ఇళ్లలోంచే వచ్చాము. అయితే పెళ్లివారికి చెప్పడం, పిల్లకు చెప్పడం రెండూ ఒకటి కావు. అవతలివాళ్లకు చెప్పకపోయినా ఆ పిల్లకు చెప్పవచ్చు. ఆమె 36వ ఏట పరీక్ష చేయించుకుంటే, పాలిప్ ఉంటే తీయించుకుంటే, ఆ అత్తవారింట్లోనే మనవల్ని ఎత్తుకుంటుంది.

దాచిపెట్టే జబ్బులు మన ప్రాంతపు మిషన్ ఆసుపత్రులకు కొత్త కావు. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి గురించి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఒకప్పుడు కుష్ఠు అని తేలితే మనిషిని పశువుల శాలలో పెట్టేవారు. 1980వ దశకంలో బహుళ ఔషధ చికిత్స వచ్చింది. దానితోపాటు ఇంకో పద్ధతి కూడా పట్టుదలగా నడిచింది. ఒక ఇంట్లో ఒకరికి మచ్చ కనిపిస్తే ఆ ఇంట్లో అందరి ఒళ్లూ చూసేవారు, పిల్లల వీపులు కూడా. అలా చూడబట్టే వేళ్లు పోకముందే ఎంతోమందికి మందు అందింది. 2005 చివరికి దేశం మొత్తం మీద కుష్ఠు పది వేల మందిలో ఒకరి కంటే తక్కువకు దిగింది. క్యాన్సర్ కుష్ఠులాగా ఒకరి నుంచి ఒకరికి అంటదు, అది వేరే మాట. కానీ ఒకరికి వస్తే ఇంట్లో మిగతావారిని చూడాలన్న పద్ధతి రెండింటికీ ఒకటే. పౌలు గారు కూడా తిమోతి కడుపు జబ్బును పత్రికలోనే రాసేశారు, రెండు వేల ఏళ్లుగా సంఘాలన్నీ దాన్ని చదువుతున్నాయి. తిమోతికి దానివల్ల చిన్నతనం ఏమీ వచ్చినట్టు లేదు!

మూలశంక గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లలేము. మలంలో నెత్తురు పడితే మొలలే అని తీర్మానించుకోవడం మన ప్రాంతంలో పెద్ద దురలవాటు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అనే రాతలు చూసి, వేలు పెట్టి పరీక్షయినా చేయని మనిషి దగ్గర ఏడాది, రెండేళ్లు సూదులూ పొడులూ వాడతారు. మనవాళ్లలో ఈ క్యాన్సర్ పురీషనాళంలో, అంటే వేలికి అందేంత దగ్గరలో, ఎక్కువగా కనిపిస్తుంది. పైగా పాశ్చాత్యుల కంటే చిన్న వయసులో వస్తుంది. ఒక్క నిమిషం వేలితో చూస్తే తెలిసే గడ్డలు ఎన్నో ఉంటాయి. నెత్తురు పడుతున్నవారికి, దొడ్డికి వెళ్లే అలవాటు నెలకు పైగా మారిపోయినవారికి, 40 దాటాక కారణం తెలియకుండా రక్తం తగ్గిపోతున్న మగవారికీ ముట్టు ఆగిన ఆడవారికీ పైన చెప్పిన వయసుల లెక్క గానీ మలపరీక్ష గానీ వర్తించవు. వారు నేరుగా డాక్టరుకు చూపించుకోవాలి. ఐరన్ మాత్రలు మింగి రక్తం పెరిగిందిలే అని ఊరుకోకూడదు, ఎక్కడ పోతోందో చూడాలి.

ఇక పరీక్షకు తయారవడం. గొట్టం కంటే దీనికే జనం ఎక్కువ జడుస్తారు, కొంత నిజం కూడా ఉంది.

పేగు శుభ్రంగా లేకపోతే డాక్టరుకు ఏమీ కనిపించదు. ఇంత ఖర్చూ, ప్రయాణమూ వృథా అవుతాయి. రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఉన్నవి మానేయాలి. చోడి అంబలి, గోంగూర, ఆకుకూరలు, జామపండు, టమాటా, నువ్వులు, వేరుశనగలు వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు తినవచ్చు. ముందురోజు అసలు గట్టి ఆహారమే వద్దు. కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ, తేరిన గంజినీళ్లు, మంచినీళ్లు తాగాలి. ఎర్రటి షర్బత్తులు తాగకండి, లోపల నెత్తురులా కనిపించి తికమక పెడతాయి. ఐరన్ మాత్రలు వాడేవారు వారం ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి. అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. రక్తం పలచబడే మాత్రలు గుండె జబ్బుకు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు, సొంతంగా కొనసాగించకూడదు, రాసిన డాక్టరును అడగాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ మోతాదు కూడా ఆ రెండు రోజులు మారుతుంది. తినకుండా మామూలు డోసు వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు.

విరేచనాల పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి, సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగమంటారు. రుచి ఉప్పగా ఉంటుంది. చల్లబరిచి తాగితే కాస్త నయం. పది పదిహేనుసార్లు వెళ్లవలసి వస్తుంది. చివరికి మూత్రంలాగా పలచగా, పచ్చగా, అడుగు కనిపించేలా రావాలి. ఇంకా మడ్డిగానే వస్తుంటే ఆ సంగతి అక్కడి సిస్టరుకు చెప్పండి, సిగ్గుపడి దాచకండి.

ఇప్పుడు ఆలోచించండి. డెబ్బై ఏళ్ల అవ్వ, దొడ్డి పెరట్లో చివర ఉంది, వాన పడుతోంది, చీకటి. పదిహేనుసార్లు వెళ్లి రావాలి. లేదా తెల్లవారుజామున రెండో సగం తాగి విశాఖ బస్సు ఎక్కాలి. డాక్టర్లు చీటీ మీద రాసేస్తారు, ఈ సంగతులు ఎవరూ రాయరు. అందుకే వయసు మళ్లినవారు, ఒంటరివారు ముందురోజే ఆసుపత్రిలో చేరి అక్కడే తాగితే మంచిది, అలా వీలవుతుందా అని తేదీ తీసుకునేటప్పుడే అడగండి. గోపాలపట్నంలోనో పెందుర్తిలోనో చుట్టాలుంటే ముందురాత్రి అక్కడ ఉండండి. అరకు వైపు నుంచి రైలు దిగి వచ్చేవారు అదే రోజు వెళ్లి వచ్చేద్దామని పెట్టుకోవద్దు.

పరీక్ష అరగంటలో అయిపోతుంది. మత్తు సూది ఇస్తారు, చాలామందికి తర్వాత ఏమీ గుర్తుండదు. ఆడవారు తమ పక్కన ఆడ సిస్టరు ఉండాలని అడగవచ్చు, అడగడం తప్పు కాదు. వెనకవైపు తెరిచి ఉండే గౌను ఇస్తారు, పని ఉన్నంత మేరకే దుప్పటి తొలగిస్తారు. ఆ రోజు బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాలి. ప్రమాదం బొత్తిగా లేదని మేము చెప్పము. పది వేల పరీక్షల్లో మూడు నాలుగింటిలో పేగుకు రంధ్రం పడవచ్చు, రక్తస్రావం అంతకంటే ఎక్కువసార్లు జరుగుతుంది. తర్వాత పొట్ట గట్టిపడి నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, గడ్డలుగా నెత్తురు పడినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి. ఏ బాధా లేనివారిని అనవసరంగా పంపవద్దని మేము అనడానికి ఇదీ ఒక కారణం.

ఖర్చు మాట. ప్రైవేటులో కొన్ని వేలు అవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం ప్రధానంగా జబ్బు వచ్చాక చికిత్సకు ఉపయోగపడుతుంది, క్యాన్సర్ ఆపరేషన్‌కు, కీమోకు, కరెంటు వైద్యానికి. జబ్బు రాకముందు పరీక్షకు ఆ కార్డు మీద ఆధారపడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో తేదీ తీసుకోవడం మంచిది. ఆలస్యం కావచ్చు. పాలిప్ పదేళ్లు పట్టే వ్యవహారం కాబట్టి రెండు నెలల ఆలస్యానికి కొంప మునగదు. నెత్తురు పడుతున్నవారు మాత్రం అలా ఆగకూడదు.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి ఒక మనవి. ఎవరింట్లోనైనా ఈ జబ్బుతో మనిషి పోయినప్పుడు పరామర్శకు మొదట వెళ్లేది మీరే. నెలా రెండు నెలలు గడిచాక, ఇంటివాళ్లు కాస్త తేరుకున్నాక, పెద్ద కొడుకునో కూతురినో పక్కకు పిలిచి రిపోర్టులు ఉన్నాయా అని అడగండి. ఏడ్చే ఇంట్లో ఇదేం ప్రశ్న అనుకోవద్దు. మీరు తప్ప ఇంకెవరూ అడగరు.

చనిపోయిన మనిషి బట్టలతోపాటు కాగితాలు తగలబెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి అలా చేయవద్దు. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ చీటీ ఏది ఉన్నా, నలిగిపోయినా సరే, తెచ్చి ఓపీ దగ్గర మా సిస్టర్లకు చూపించండి. జిరాక్స్ తీయించి ఆ ఇంట్లో ప్రతి తోబుట్టువు కార్డులో, ప్రతి బిడ్డ కార్డులో ఒక కాపీ పెట్టిస్తాము. అసలు కాగితం మీకే తిరిగి ఇస్తాము.